కార్ సీట్ కొన్నాం కానీ పాపను అందులో కూర్చోబెట్టనివ్వడం లేదు. వేములవాడ దాకా ఎలా?

సుబేదారి_అమ్మ
పాపకు పదమూడు నెలలు, తొమ్మిదిన్నర కిలోలు. వచ్చే ఆదివారం హన్మకొండ నుంచి వేములవాడ పోతున్నాం, పుట్టువెంట్రుకలు తీయించాలి. ఉన్నది చిన్న హ్యాచ్‌బ్యాక్. పోయిన నెల జీతంలో ఎనిమిదిన్నర వేలు పెట్టి కార్ సీట్ తెప్పించాను. ఆ రోజు నుంచి ఇంట్లో అదే పంచాయితీ.

మా అత్తమ్మ మాట ఒక్కటే. "ఎనిమిది వేలు పోసి బిడ్డను కట్టేసే కుర్చీ కొన్నరా? నా ఒడి ఏమైంది?" ఆమెకు వెనక కూర్చుంటే వాంతులు. అందుకే ముందు సీట్లో పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటానంటున్నారు. మా ఆయనేమో "రెండు రోజుల ముచ్చటకు అమ్మతో లొల్లి ఎందుకు" అని తప్పుకున్నాడు. నిన్న హంటర్ రోడ్డు దాకా ట్రయల్ వేశాం. పది నిమిషాలకే పాప ఏడుపు అందుకుంది. అత్తమ్మ నా వైపు చూసిన చూపు మీకు చెప్పలేను.

ఇంకో డౌట్. సీట్‌తో వచ్చిన పుస్తకంలో 13 కిలోల దాకా వెనక్కి తిప్పి పెట్టమని ఉంది. అలా పెడితే పాప కాళ్ళు కారు సీటుకు ఆనుతున్నాయి. ముందుకు తిప్పేయొచ్చా? అసలు ఇదంతా అవసరమా, నేనే ఎక్కువ చేస్తున్నానా?

కాజీపేట_జంక్షన్
మా ఇంట్లో ఇదే సినిమా రెండేళ్ళ కింద ఆడింది. ప్రస్తుతం మా సీట్ సజ్జ మీద బతుకమ్మ తాంబాలం పక్కన రెస్ట్ తీసుకుంటోంది. మీకైనా దారి దొరికితే చెప్పండి.

పరకాల_పెద్దాయన
నా నలుగురు పిల్లలూ అంబాసిడర్‌లో పెరిగారు. ముందు నలుగురం, వెనక ఆరుగురం, కాళ్ళ దగ్గర బియ్యం బస్తా. కొమురవెల్లి పోయాం, వేములవాడ పోయాం, తిరుపతి కూడా పోయాం. ఒక్కరికి గీత పడలేదు. తల్లి ఒడికి మించిన కుర్చీ ఎవడు చేశాడమ్మా? దేవుడి దగ్గరికి పోతూ ఇన్ని భయాలు పెట్టుకోవద్దు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పెద్దనాయినా, ఏమీ కానివాళ్ళే ఇక్కడికొచ్చి రాయగలుగుతారు. అయినవాళ్ళు రాయరు.

పన్నెండేళ్ళుగా క్యాజువాలిటీలో చేస్తున్నా. ఏ దవాఖానా అన్నది వదిలేయండి. ఒళ్ళో బిడ్డను పట్టుకుని ముందు సీట్లో కూర్చున్న తల్లి ఒకామె వచ్చింది. ఆమెకు మణికట్టు విరిగింది, అంతే. బిడ్డ డ్యాష్‌బోర్డుకు, ఆమె ఛాతీకి మధ్య నలిగింది. "నేను వదల్లేదు సిస్టర్, గట్టిగానే పట్టుకున్నా" అని తెల్లారేదాకా అంటూనే ఉంది. నిజంగానే వదల్లేదు. వదలకపోవడం వల్ల ఏం జరిగిందో ఆమెకు ఎట్లా చెప్పాలో మాకు తెలియలేదు.

సుబేదారి అక్కా, ముందు సీట్లో మాత్రం వద్దు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఓరుగల్లు_పోరడు
పై పోస్ట్ చదివాక జోక్ వేద్దామనుకుని చెరిపేశాను.

నిట్_రూమ్_114
లెక్క చెప్తా. కారు గంటకు 50 కిలోమీటర్లలో పోతోంది. ఆగి ఉన్న లారీని గుద్దింది. పాప పది కిలోలు అనుకోండి. పది ఇంటూ యాభై, ఐదొందల కిలోలు అవుతుంది. మీ అత్తమ్మ ఐదొందల కిలోలు మోయగలరా?

రిటైర్డ్_ఫిజిక్స్
బాబూ, మీ కాలేజీ పరువు తీయకు. కిలోలను కిలోమీటర్లతో గుణిస్తే బలం రాదు.

50 కి.మీ. అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. కారు ముందుభాగం నలిగి, పదో వంతు సెకనులో ఆగిందనుకుందాం. అప్పుడు వేగం తగ్గే రేటు భూమ్యాకర్షణకు 14 రెట్లు. పది కిలోల పాప ఆ క్షణంలో చేతుల మీద 140 కిలోలంత బరువు వేస్తుంది. అది కూడా పట్టుకున్న మనిషికి బెల్ట్ ఉండి, కారుతోపాటు ఆగితేనే. బెల్ట్ లేకపోతే ఆమె ఆగదు. ఆమె బరువు కూడా కలిసి పాప మీదే పడుతుంది. సిస్టర్ చెప్పింది అదే.

ఇంకోలా చెప్పాలంటే, అదే వేగంతో కింద పడాలంటే సుమారు పది మీటర్ల పైనుంచి దూకాలి. మూడో అంతస్తు పిట్టగోడ. బిడ్డను చేతిలో పట్టుకుని అక్కడి నుంచి దూకుతామా?

నిట్_రూమ్_114
సారీ సార్. కానీ 500 అంటే ఇంకా భయపడేవాళ్ళు.

రిటైర్డ్_ఫిజిక్స్
భయపెట్టడానికి 140 చాలు.

మానుకోట_మిర్చి
బియ్యం బస్తాతో పోల్చి చెప్పండి సార్, మా అమ్మకు అట్లయితే ఎక్కుతుంది. యాభై కిలోల బస్తాలు రెండు, ఇంకా పైన. క్వింటాలున్నర కాటన్ బోరెం మన మీద పడ్డట్టు.

డల్లాస్_బావ
మాది మట్టెవాడ. ఇక్కడ పాప పుట్టినప్పుడు కార్ సీట్ తీసుకొచ్చి చూపిస్తే తప్ప డిశ్చార్జ్ చేయలేదు. నర్స్ కారు దాకా వచ్చింది. నాకు ఒళ్ళు మండింది, మా వాళ్ళకు నవ్వొచ్చింది.

తర్వాత ఊరికే ఉండలేక దీని చరిత్ర చదివాను. అమెరికాలో పిల్లల సీటును తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం టెన్నెసీ. 1978లో చట్టం అమల్లోకి వచ్చింది. దాని వెనక రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టర్ ఉన్నాడు. చట్టం పాస్ అయ్యేటప్పుడు శాసనసభలో ఒక మెలిక పెట్టారు. పెద్దవాళ్ళ చేతుల్లో బిడ్డ ఉంటే సీటు అక్కర్లేదని. మీ అత్తమ్మ వాదనే, నలభై ఏళ్ళకు పైగా ముందు, ఇంగ్లీషులో. శాండర్స్ ఆ మెలికకు పెట్టిన పేరు "పిల్లల్ని నలిపే సవరణ". 1981లో దాన్ని తీసేయించాడు. 1985 కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక చట్టం వచ్చింది.

అంటే అత్తమ్మలు హన్మకొండలోనే లేరు, అదొక్కటే నేను చెప్పేది.

సుబేదారి_అమ్మ
@డల్లాస్_బావ చివరి లైన్‌కు నవ్వాను, థాంక్స్. సిస్టర్ రాసింది మా ఆయనకు చూపించాను. ఏమీ అనలేదు, ఫోన్ ఇచ్చేసి కారు తుడవడానికి పోయాడు. కాళ్ళ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

కాకతీయ_పీజీ
కాళ్ళు ఆనితే ఏం కాదు. పిల్లలు మఠం వేసుకుని కూర్చుంటారు, లేదా కాళ్ళు సీటు మీదికి పెట్టుకుంటారు. తిప్పొద్దు.

చంటిపిల్లల తల ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. మనకు ఏడో వంతో ఎనిమిదో వంతో. మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు, కండరాలు మెత్తన. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డకు బెల్ట్ ఒంటిని ఆపుతుంది, తల మాత్రం ముందుకు పోతుంది. ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మొత్తం సీటులోకి ఒకేసారి ఒత్తుకుంటాయి. దెబ్బ పరుచుకుంటుంది.

ఈ ఆలోచన స్వీడన్‌ది. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ప్రొఫెసర్, జెమినీ అంతరిక్ష నౌకలో వ్యోమగాములు వెల్లకిలా పడుకుని ఆ ఒత్తిడిని వీపుతో తట్టుకోవడం చూసి, 1960లలో వెనక్కి తిరిగిన పిల్లల సీటు తయారు చేశాడు. అక్కడ ఇప్పటికీ నాలుగేళ్ళ దాకా అలాగే కూర్చోబెడతారు. యూరప్ కొత్త ప్రమాణం ఆర్129 ప్రకారం 15 నెలలు నిండేదాకా ముందుకు తిప్పకూడదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018 నుంచి వయసు లెక్క తీసేసి, సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటేదాకా వెనక్కే ఉంచమంటోంది. మీ పాపకు 13 నెలలు, తొమ్మిదిన్నర కిలోలు. ఏ లెక్కన చూసినా వెనక్కే.

ఓరుగల్లు_పోరడు
అంటే పాప రాకెట్‌లో వేములవాడ పోతుందన్నమాట. అత్తమ్మకు అట్లనే చెప్పండి.

స్పానర్_సాంబన్న
సీటు మంచిదా కాదా అన్నది తర్వాత. బిగించింది సరిగ్గా ఉందా? నా షెడ్డుకు సర్వీసింగ్‌కు వచ్చే కార్లలో సీటు ఉన్నవే తక్కువ, ఉన్నవాటిలో సగానికి పైగా లూజు. చెయ్యి వేస్తే ఊగుతాయి. ఒక సార్ సీటు కింద ముసలామె శాలువా మడిచి పెట్టాడు, బిడ్డకు మెత్తగా ఉండాలని. ఇంకొకరి సీటుకు కారు బెల్టే పెట్టలేదు. ఊరికే సోఫా మీద మోడా పెట్టినట్టు పెట్టారు. నాలుగు నెలలు అట్లనే తిరిగారట.

సుబేదారి మేడం, ఇవి చూసుకోండి. కారు బెల్ట్ ఏ సందుల్లోంచి పోవాలో సీటు పక్కన రంగు గీతలు ఉంటాయి. వెనక్కి తిప్పితే ఒక దారి, ముందుకు తిప్పితే ఇంకో దారి. చాలామంది ఇక్కడే తప్పుతారు. బెల్ట్ పోయే చోట చెయ్యి వేసి అటూ ఇటూ ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదలొద్దు. బిగించేటప్పుడు మోకాలు సీట్లో ఆనించి బరువు వేసి, బెల్ట్ లాగండి. బిడ్డ భుజాల పట్టీలు వెనక్కి తిరిగిన సీటుకైతే భుజం సమంగానో కొంచెం కిందనుంచో రావాలి. పట్టీని భుజం మీద రెండు వేళ్ళతో గిల్లి చూడండి. మడత చేతికి దొరికితే లూజు అని లెక్క.

ఇంకో ముచ్చట. ముందు సీటుకు ఎయిర్‌బ్యాగ్ ఉంటే వెనక్కి తిరిగిన సీటును అక్కడ పెట్టనే పెట్టొద్దు. బ్యాగ్ పేలితే సీటు వీపు మీద, అంటే సరిగ్గా బిడ్డ తల వెనక కొడుతుంది.

జగిత్యాల_జానకి
సాంబన్నా, ఐసోఫిక్స్ లేకపోతే వేస్ట్ అంటున్నారు కదా? మాది 2013 మోడల్.

స్పానర్_సాంబన్న
వేస్ట్ ఏం కాదమ్మా. ఐసోఫిక్స్ అంటే సీటు మడతలో ఇనుప కొక్కేలు, టక్కున తగులుకుంటుంది, తప్పు చేసే అవకాశం తక్కువ. అంతే తేడా. మూడు చోట్ల పట్టే బెల్ట్ ఉంటే చాలు, గట్టిగా బిగిస్తే అదీ మంచిదే. నడుముకు మాత్రమే ఉండే బెల్ట్ అయితే పుస్తకం చూసుకోవాలి, చాలా సీట్లు దానికి ఒప్పుకోవు.

టూవీలర్_తండ్రి
చదువుతూ వస్తున్నా. ఇదంతా కారు ఉన్నోళ్ళ ముచ్చట. నర్సంపేట రోడ్డులో సాయంత్రం నిలబడి లెక్కపెట్టండి. బండి మీద నడిపేవాడు కాక నలుగురు, ట్యాంకు మీద చిన్నోడు, మధ్యలో పెద్దమ్మాయి, వెనక తల్లి, ఒళ్ళో చంటిది. మా స్కూల్ ఆటోలో పన్నెండు మంది, డ్రైవర్‌కు అటొకడు ఇటొకడు. బ్యాగులు బయట వేలాడుతుంటాయి. మాకు ఎనిమిదిన్నర వేల సీటు ఎవరు కడతారు, ఎక్కడ కడతారు?

కాజీపేట_జంక్షన్
మంచి ప్రశ్నే, కానీ ఇది వేరే థ్రెడ్ కాదా?

టూవీలర్_తండ్రి
ఎందుకు వేరే? రోడ్డు ఒక్కటే, పిల్లలూ ఒక్కటే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
అన్న మాట కరెక్ట్. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో కారువాళ్ళ కంటే బండి మీదవాళ్ళూ, రోడ్డు దాటుతూ తగిలినవాళ్ళే ఎక్కువ.

కాకతీయ_పీజీ
బండికీ రూల్ ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను బండి మీద తీసుకుపోతే మూడు ఉండాలి. పిల్లను నడిపేవాళ్ళకు కట్టే హార్నెస్, తలకు సరిపోయే హెల్మెట్, వేగం 40 దాటకపోవడం. 2022 ఫిబ్రవరిలో నోటిఫై చేశారు, ఏడాది గడువిచ్చారు. నాలుగేళ్ళు దాటినవాళ్ళకు పెద్దవాళ్ళతో సమానంగా హెల్మెట్ తప్పనిసరి. ఆ హార్నెస్ బనీను లాగా ఉంటుంది, పట్టీలు మీ భుజాల మీదుగా వస్తాయి. నిద్రలో పిల్లలు పక్కకు ఒరిగి జారకుండా అది పనికొస్తుంది. గుద్దితే కార్ సీటు కాపాడినట్టు కాపాడదు, ఆ భ్రమ వద్దు. హెల్మెట్ ముఖ్యం.

టూవీలర్_తండ్రి
చిన్న సైజు హెల్మెట్ వరంగల్‌లో దొరకక పిల్లగాడికి నాదే పెట్టా. తల అందులో గంట లోపల నాలుకలా ఊగుతోంది.

మానుకోట_మిర్చి
😂 వద్దన్నా, ఊగే హెల్మెట్ దెబ్బ తగలగానే ఊడిపోతుంది. సైకిల్ షాపులో అడుగు, పిల్లల సైకిల్ హెల్మెట్ ఉంటుంది. ఆ వయసు పిల్లలకు అది కూడా రూల్‌లో ఒప్పుకున్నదే.

పరకాల_పెద్దాయన
నేను అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. సీటు పెడితే నిజంగా బతుకుతారని రుజువు ఏది? కంపెనీలు అమ్ముకోవడానికి ఏమైనా చెప్తాయి.

డల్లాస్_బావ
రుజువు ఉంది పెద్దనాయినా, అది కంపెనీల లెక్క కాదు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఏళ్ళ తరబడి జరిగిన ప్రాణాంతక ప్రమాదాలను పోల్చి చూసింది. కార్లలో ఏడాదిలోపు బిడ్డకు సీటు ఉంటే చనిపోయే ముప్పు 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలకు 54 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తమ్మీద 60 శాతం దాకా మరణాలు తగ్గించొచ్చు అంటోంది.

పరకాల_పెద్దాయన
71 తగ్గితే 29 మిగిలినట్టే కదా. పూర్తిగా కాపాడదు.

రిటైర్డ్_ఫిజిక్స్
గొడుగు పెట్టుకున్నా కాళ్ళు తడుస్తాయి. అందుకని వానలో గొడుగు మడిచేసుకోం కదండీ.

జగిత్యాల_జానకి
మా బాబుకు ఆరేళ్ళు. పెద్దోడయ్యాడని బెల్టే పెడుతున్నా. మెడకు ఒరుసుకుంటోందని వాడు దాన్ని చంక కిందికి తోసేసుకుంటాడు. అది పర్వాలేదా?

కాకతీయ_పీజీ
పర్వాలేదు కాదు అక్కా, ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం, కొంచెం పొడుగు రాస్తా.

కారు బెల్ట్ పెద్దవాళ్ళ కొలతకు చేసింది. ఆరేళ్ళ పిల్లాడికి నడుము పట్టీ తుంటి ఎముక మీద నిలవదు, పైకి జారి పొట్ట మీదికి వస్తుంది. గుద్దినప్పుడు ఒళ్ళు ఆ పట్టీ కిందికి జారుతుంది, పట్టీ పేగుల్లోకి, వెన్నెముక దాకా దిగుతుంది. పొట్ట మీద అడ్డంగా ఎర్రటి గీత కనిపిస్తే సర్జన్లు కంగారు పడతారు. పైకి ఏమీ లేనట్టు ఉంటుంది, లోపల పేగు చిరిగి ఉండొచ్చు, నడుము దగ్గర వెన్నుపూస విరిగి ఉండొచ్చు. భుజం పట్టీ చంక కిందికి తోస్తే ఒంటి పైభాగాన్ని పట్టేదే ఉండదు.

ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వాళ్ళు ఒక ఇన్సూరెన్స్ కంపెనీతో కలిసి, క్లెయిమ్ వచ్చిన ప్రమాదాల్లోని పిల్లల తల్లిదండ్రులకు ఫోన్ చేసి వివరాలు రాసుకున్నారు. 2003లో వచ్చిన ఫలితం ఇది. నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లల్లో, బెల్ట్ ఒక్కటే పెట్టినవాళ్ళతో పోలిస్తే బూస్టర్ మీద కూర్చున్నవాళ్ళకు దెబ్బలు తగిలే ముప్పు 59 శాతం తక్కువ. ఆ లెక్కలో బూస్టర్ పిల్లలకు పొట్ట దెబ్బలు, మెడ-వెన్ను దెబ్బలు అసలు లేవు.

బూస్టర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. పిల్లాడిని పైకి లేపి బెల్ట్‌ను సరైన చోటికి తెచ్చే ఎత్తుపీట. మీ బాబును వీపు సీటుకు ఆనించి కూర్చోబెట్టి చూడండి. మోకాళ్ళు సీటు అంచు దగ్గర వంగాలి, నడుము పట్టీ తొడల మొదట్లో ఉండాలి, భుజం పట్టీ భుజం మధ్యలోంచి పోవాలి, దారి పొడుగునా అలాగే ఉండగలగాలి. దాదాపు నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు వచ్చేదాకా చాలామందికి ఇది కుదరదు.

జగిత్యాల_జానకి
ఇప్పుడే కూర్చోబెట్టి చూశా. మోకాళ్ళు అంచు దాకా రావడమే లేదు. పట్టీ బొడ్డు మీద ఉంది. ఇన్నాళ్ళూ మంచి పని చేస్తున్నాననుకున్నా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
బూస్టర్ వచ్చేదాకా బెల్ట్ తీసేయకండి మళ్ళీ. ఏమీ లేకపోవడం కంటే అదే నయం. వెనక సీట్లోనే కూర్చోబెట్టండి, పట్టీ చంక కిందికి పోనివ్వకండి.

ఓరుగల్లు_పోరడు
చట్టం ఏమంటోంది? ఫైన్ ఉందా? నాకు ఎప్పుడూ ఎవరూ వేయలేదు.

కాజీపేట_జంక్షన్
మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో సెక్షన్ 194బి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకుండా నడిపితే వెయ్యి రూపాయలు. హెల్మెట్ లేకపోతే కెమెరా పట్టుకుంటుంది, ఒళ్ళో ఉన్న బిడ్డను ఏ కెమెరా పడుతుంది? సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టి బారాత్‌లో తిప్పుతారు, అందరూ చప్పట్లు కొడతారు.

మానుకోట_మిర్చి
సన్‌రూఫ్ పేరెత్తకండి, మా బావమరిది కారు కొన్నదే దాని కోసం.

సుబేదారి_అమ్మ
అప్‌డేట్. సాంబన్న చెప్పినట్టు ఊపి చూస్తే మా సీటు ఉయ్యాల. బెల్ట్ ముందుకు తిప్పే దారిలో పెట్టి, సీటు వెనక్కి తిప్పాం! మళ్ళీ బిగించాం. మా ఆయన మోకాలు పెట్టి తొక్కాడు, పాప చప్పట్లు కొట్టింది. ఇప్పుడు కదలడం లేదు.

అత్తమ్మ విషయం మాత్రం అక్కడే ఉంది. వాంతులకు వెనక కూర్చోలేనంటున్నారు.

పరకాల_పెద్దాయన
ఆమెకు నిమ్మకాయ ఇవ్వండి. వాసన చూస్తూ కూర్చుంటే వాంతులు రావు. ఇది మాత్రం నా అనుభవం, పరిశోధన అడగొద్దు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పెద్దనాయినకు ఈ థ్రెడ్‌లో నా మొదటి లైక్.

అక్కా, అత్తమ్మను వెనకే పాప పక్కన కూర్చోబెట్టండి. "నువ్వు పట్టుకోవద్దు" అని చెప్తే ఎవరికైనా మనసు కష్టమవుతుంది. చెయ్యి పట్టుకుని పాట పాడే పని ఆమెకే ఇవ్వండి, వెనక్కి తిరిగిన సీట్లో పాపకు కనిపించేది ఆమె మొహమే. ఆమెకు కూడా బెల్ట్ పెట్టండి, మర్చిపోవద్దు. వెనక బెల్ట్ లేని పెద్ద మనిషి గుద్దినప్పుడు పక్కవాళ్ళ మీదికి, ముందు సీటు మీదికి రాయిలా వస్తారు. 2022 సెప్టెంబర్‌లో సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లో ఉండే, బెల్ట్ లేదని పోలీసులు చెప్పారు. మంచి కారే అది.

స్పానర్_సాంబన్న
ఆ రూట్ గురించి ఒక మాట. హుజూరాబాద్ దాటాక రోడ్డు మీద వడ్లు పోసి ఉంటాయి, ఈ సీజన్‌లో సగం రోడ్డు వాళ్ళదే. కుప్ప మీద నల్ల కవరు, చుట్టూ రాళ్ళు, రాత్రి కనిపించవు. ట్రాక్టర్ ట్రాలీలకు వెనక లైటు ఉండదు. కరీంనగర్ దగ్గర గ్రానైట్ బండలతో లారీలు. చీకటి పడకముందే తిరిగి రండి. సీటు రెండో కాపలా మేడం, మొదటి కాపలా సార్ కాలి కింద ఉన్న బ్రేకు.

జగిత్యాల_జానకి
ఎండలో పార్క్ చేస్తే బకిల్ మీద తువ్వాల కప్పండి. పోయిన మేలో మా చెల్లె కొడుక్కి తొడ మీద బకిల్ ముద్ర పడింది. పాప నిద్రపోయిందని ఒక్క నిమిషం కూడా కారులో వదలకండి. పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల పైన పెరుగుతుంది.

నిట్_రూమ్_114
ఈ జవాబులన్నీ కలిపి పీడీఎఫ్ చేయనా?

రిటైర్డ్_ఫిజిక్స్
ముందు నీ లెక్క దిద్దు.

సుబేదారి_అమ్మ
పోయొచ్చాం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పోయేటప్పుడు హసన్‌పర్తి దాకా ఏడుపే. అత్తమ్మ నిమ్మకాయ ఒక చేత్తో, పాప వేలు ఇంకో చేత్తో పట్టుకుని "చందమామ రావే" నాలుగుసార్లు పాడారు. ఎల్కతుర్తి దగ్గర ఆపి పాలు పట్టాను. మళ్ళీ కట్టేస్తే రెండు నిమిషాల్లో నిద్ర, కరీంనగర్ దాకా లేవలేదు. అత్తమ్మకు వాంతులు రాలేదు. నిమ్మకాయ వల్లనో, పాటల వల్లనో తెలియదు.

వచ్చేటప్పుడు అంత బాగా జరగలేదు. గుండు చేయించుకున్న పాపకు చిరాకు, ఎండ, గంధం కళ్ళల్లోకి కారింది. కరీంనగర్ దాటాక అరుపులు ఆపలేదు. మానకొండూరు దగ్గర అత్తమ్మ పట్టీలు విప్పేసి ఒళ్ళోకి తీసుకున్నారు. నేను ముందు సీట్లో ఉన్నా, మా ఆయన ఆపలేదు, "ఇంకెంత దూరం" అన్నాడు. నేనూ గట్టిగా అనలేదు. ఇరవై నిమిషాలు అట్లనే పోయాం. ఆ ఇరవై నిమిషాలు నేను రోడ్డు చూడలేదు, స్పీడ్ ముల్లు చూశాను. హుజూరాబాద్‌లో చాయ్ కోసం ఆపినప్పుడు నేనే ఎత్తుకుని మళ్ళీ కట్టాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు ప్రశ్న. సీటు కవరు నిండా గంధం, పసుపు. పట్టీలకు కూడా అయింది. మెషిన్‌లో వేయొచ్చా?

స్పానర్_సాంబన్న
కవరు వేయొచ్చు, లోపల చీటీ మీద రాసి ఉంటుంది చూడండి. విప్పేముందు ఫోన్‌లో నాలుగు వైపులా ఫొటో తీసుకోండి, లేకపోతే మళ్ళీ ఎక్కించడం రాదు. పట్టీలు మాత్రం మెషిన్‌లో వద్దు, నానబెట్టొద్దు, బ్లీచింగ్ అస్సలు వద్దు, దారం బలం పోతుంది. కొంచెం సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి నీడలో ఆరేయండి. మరక ఉంటే ఉండనీయండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఏడిస్తే ఆపి ఎత్తుకోండి అక్కా, కదిలే కారులో విప్పొద్దు. మిమ్మల్ని అనడం లేదు, నెక్స్ట్ టైమ్‌కు. గంట, గంటన్నరకోసారి ఏడవకముందే ఆపితే ఇంకా మంచిది.

పరకాల_పెద్దాయన
అదంతా సరేనమ్మా, రాజన్నకు కోడె మొక్కు కట్టారా లేదా?

సుబేదారి_అమ్మ
కట్టాం పెద్దనాయినా. కోడెను తాడుతో కట్టే గుడి చుట్టూ తిప్పాం. అది ఏడవలేదు, అత్తమ్మ కూడా విప్పమనలేదు.